నూకరత్నం టీచరుకి, ప్రయాణానికి ముందు

ముందు పాస్‌పోర్టు తియ్యండి టీచరుగారూ.
తిరిగొచ్చే తారీకు దాటాక ఇంకో మూడు నెలలు
దానికి ఊపిరుండాలి,
లేకపోతే గుమ్మంలోనే ఆపేస్తారు.
ఫొటోకి జగదాంబ దగ్గర ఏ స్టూడియోకైనా వెళ్ళండి గాని
వెడల్పు ముప్పై అయిదు, ఎత్తు నలభై అయిదు మిల్లీమీటర్లని
కాగితం మీద రాసివ్వండి.
నవ్వకూడదు.
ముప్పయ్యేళ్ళు మున్సిపల్ హైస్కూల్లో భూగోళం చెప్పారు,
నవ్వకుండా ఉండడం మీకెవరూ నేర్పక్కర్లేదు.

బ్యాంకు లెక్కలు ఆరు నెలలవి.
ముందురోజు ఎవరి దగ్గరో తెచ్చి
లక్షలు పడేయకండి.
అద్దానికి అవతల కూర్చున్నవాడు
మన హార్బర్లో చేపలు బేరమాడేవాళ్ళకన్నా ఘటికుడు,
మొప్ప ఎత్తి చూస్తాడు.

వేలిముద్రలకి హైదరాబాదు. గోదావరి ఎక్కండి, కింది బెర్తు.
విమానానికి డబ్బు అప్పుడే కట్టకండి,
బుకింగు కాగితం చాలు. వీసా పడ్డాకే కొంగుముడి విప్పాలి.
ఇన్సూరెన్సు మాత్రం
ముప్పై వేల యూరోలకి తగ్గకుండా.

ఎప్పుడంటారా? ఆగస్టు వద్దు, జనం.
మే నెలాఖరు మంచిది.
ఇక్కడ రోహిణికి రోళ్ళు పగిలేటప్పుడు
అక్కడ సాయంత్రం శాలువా అడుగుతుంది.

బూట్లు ఇవాళే కొనండి.
కొత్త బూట్లు అక్కడ మొదలెట్టినవాళ్ళు
మూడోరోజుకి వేన్నీళ్ళ బాల్చీలో కాళ్ళు పెట్టుకు కూచుంటారు.
లిస్బన్‌కి ఏడు కొండలట. నాకు మూడే తెలుసు.
చిన్న చిన్న రాళ్ళు పరిచిన వీధులు,
చినుకు పడితే సబ్బు రాసినట్టుంటాయి.
రోజూ పొద్దున్నే రాస్ కొండెక్కి దిగండి,
మేరీమాత చర్చి దాకా, రేవులో క్రేన్లు లెక్కపెడుతూ.
మోకాళ్ళు ఒప్పుకుంటే లిస్బన్ ఒప్పుకున్నట్టే.

హోటల్లో కూర్చోగానే, అడక్కుండానే
రొట్టె, ఆలివ్ కాయలు తెచ్చి పెడతారు.
మర్యాద అనుకోకండి, అది బిల్లు.
వద్దని చెయ్యూపండి.
మొదటిసారి నేను మొత్తం తినేసి
ఇంకోసారి కూడా పెట్టమన్నాను.
ఫోను కార్డుకని దాచిన డబ్బులు పోయాయి.
ఆ నెల మా ఆవిడ ఉత్తరం కూడా రాయలేదు.

పసుపు ట్రాములో సంచి కడుపు మీద వేసుకోండి,
కాంప్లెక్సులో సెలవుల రద్దీ అనుకోండి.
సోమవారాలు మ్యూజియంలు మూసుంటాయి.
ఆవకాయ పెద్ద పెట్టెలో, మూడు కవర్లు చుట్టి.
చేతిసంచిలో పెడితే
మీ కళ్ళముందే బుట్టలో వేస్తారు.

భాష రాదని బెంగ వద్దు.
తువ్వాలు వాళ్ళదే, ఇస్త్రీ వాళ్ళదే,
అనాస, పీపా, మేస్త్రి,
ఇదుగో ఈ అల్మరా.
మనింట్లో వందలేళ్ళుగా అద్దె కట్టకుండా ఉంటున్న మాటలు.
వాళ్ళింటికెళ్ళి తలుపు తట్టండి, గుర్తుపడతారు.

నిన్న అడిగారు,
“సన్యాసిరావుగారూ, ఇంతకీ ఎలా ఉంటుందండీ ఆ ఊరు?” అని.
జవాబు చెప్పకుండా టీ తాగి వచ్చేశాను.

ఏడుసార్లు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ ఆరు గంటలు.
ఒక్క రాత్రి ఆ నేల మీద పడుకోలేదు.
రేవు గేటు తెలుసు, చవక సిగరెట్లు దొరికే మూల తెలుసు.
తెల్లారగట్ల ఆ వీధుల్లో
ఏ వాసన వస్తుందో తెలీదు.
వీసా ఊసే ఎత్తలేదు నా దగ్గరెవరూ, ఓడవాణ్ణి కదా.
ఈ కాగితాల సంగతంతా
మా మేనకోడలి కొడుకు ట్రావెల్స్ ఆఫీసులో
నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని నేర్చుకున్నాను,
మీరు వెళ్తానన్నాక.

ఒక పని చెయ్యండి.
ఆఖరి రోజు ఏమీ కొనకండి.
రైలెక్కి పడమటి ఒడ్డుకి పోండి.
మన బీచ్ రోడ్డులో సూర్యుడు నీళ్ళలోంచి వస్తాడు,
అక్కడ నీళ్ళలోకి పోతాడు.
సుద్దముక్కతో ఎన్నిసార్లు గీశారో మీరు!
మా ఓడ చాలాసార్లు ఆ వేళకే తాళ్ళు విప్పేది.
నేను కింద, ఇంజన్ దగ్గర, నూనెడబ్బాతో.
పైన డెక్కు మీద కుర్రాళ్ళు
“అబ్బ, చూడరా” అనడం
ఇనుప నిచ్చెన మీంచి దిగి వినబడేది.

ఫొటో తియ్యకండి. వచ్చి చెప్పండి.

ఆఁ, చార్జరు.
అడాప్టరు కొనమని ఎవరన్నా అంటే వినకండి,
మన రెండు పుల్లలదే పడుతుంది,
కాస్త వదులుగా.